నెల్లీ ఫిష్‌విక్ తువ్వాలు

ముందు చప్పుడు వచ్చింది. కీచు, కీచు, టక్. కీచు, కీచు, టక్. తడిసిన రాళ్ళబాట మీద రెండు చక్రాల సంచీబండి ఒకటి దిగివస్తోంది. ఒక చక్రం ఏడుస్తోంది, రెండోది దాన్ని ఊరుకోబెడుతోంది.

కిటికీ అద్దానికి సముద్రం బొమ్మ అతికిస్తున్న మోరీన్ అలాగే ఆగిపోయింది. జనవరి శుక్రవారం, సాయంత్రం నాలుగున్నర. బ్రాక్‌షాలో అప్పటికే దీపాలు పెట్టేశారు. మిల్లు పొగగొట్టం పైసగం మబ్బులో ఉంది, కింది సగం వానలో ఉంది. ట్రావెల్ షాపు కిటికీలోంచి బెనిడార్మ్ నీలం మాత్రం వీధిలోకి ఒలికి, పేవ్‌మెంటు మీద చిన్న మడుగు కట్టింది. దారిన పోయేవాళ్ళు తమకు తెలియకుండానే అందులో బూట్లు తడుపుకుని పోతున్నారు.

ఆ కీచుమనే చప్పుడు వింటే మోరీన్ కాళ్ళు ఇప్పటికీ వాటంతటవే దగ్గరికి జరుగుతాయి. ముప్ఫై ఏళ్ళు దాటాయి, ఇద్దరు పిల్లలు, అయినా అంతే. నెల్లీ ఫిష్‌విక్ ముప్ఫై ఒక్క సంవత్సరాలు బడి ముందు రోడ్డు మీద నిలబడి, గుండ్రటి పలక ఉన్న పొడుగు కర్ర పట్టుకుని పిల్లల్ని దాటించింది. మోరీన్‌ని దాటించింది, మోరీన్ మొగుణ్ణి దాటించింది, ఇప్పటి పోలీసు సార్జెంటుని చెవి పట్టుకుని వెనక్కి లాగి మరీ దాటించింది. ఉద్యోగం వదిలి నాలుగేళ్ళయింది. కర్ర మునిసిపాలిటీ వాళ్ళు తీసేసుకున్నారు. చెయ్యి తీసుకోలేకపోయారు. ఆ కుడిచెయ్యి లేచిందంటే బస్సయినా ఆగాలి, బట్టతలయినా ఆగాలి.

తలుపు గంట మోగింది. ముందు సంచీబండి వచ్చింది, తర్వాత వాన టోపీ, దాని కింద నెల్లీ.

"మోరీన్ తల్లీ, రేపు బుకింగు తొమ్మిదింటికేనా?"

"తొమ్మిదింటికే ఆంటీ. నిన్న కూడా అడిగారు."

"నిన్న అడిగింది నిన్నటి సంగతి. మనుషులు రాత్రికి రాత్రి మారిపోతారు." కుర్చీలో కూర్చుని సంచీలోంచి నోటుపుస్తకం తీసింది. దానికి ఎర్ర రబ్బరు పట్టీ, పైన పెన్సిలుతో 'స్పెయిన్: ప్రమాదాలు' అని రాసి ఉంది. "కొళాయి నీళ్ళు తాగకూడదు, సరే. పళ్ళు తోముకోవచ్చా?"

"తోముకోవచ్చనుకుంటా."

"అనుకోవడం కాదు. పళ్ళు నోట్లో ఉంటే ఉమ్మేస్తాం. గ్లాసులో రాత్రంతా నానబెట్టేవాళ్ళ మాటేమిటి? మా అక్క కట్టుడు పళ్ళు పన్నెండు గంటలు ఆ నీళ్ళల్లోనే ఉంటాయి."

"సీసా నీళ్ళు పోయండి ఆంటీ."

రాసుకుంది. "విమానంలో కిటికీ పక్క వద్దు. కిందికి చూస్తే కళ్ళు తిరుగుతాయి. నడవ పక్కనా వద్దు. ఆ టీ బండి మోకాలికి తగుల్తుంది. మధ్య సీటు అసలే వద్దు."

"మరి ఎక్కడ కూర్చుంటారు?"

"అది మీరు చూసుకోవాలమ్మా, డబ్బులు తీసుకుంటున్నారు కదా. ఇంకోటి. బ్రోచర్లో మూడొందల రోజులు ఎండ అని వేశారు. మేం వెళ్ళే పదిహేను రోజులు మిగతా అరవై అయిదులో పడితే డబ్బులు వెనక్కిస్తారా?"

"ఇవ్వరు ఆంటీ."

"అడిగితే పోయేదేముంది," అని రబ్బరు పట్టీ మళ్ళీ వేసింది.

జూన్ చివరి వారం, జులై మొదటి వారం బ్రాక్‌షాలో మిల్లులు మూసేస్తారు. మిల్లు మూస్తే రొట్టెల దుకాణం మూసేస్తారు, రొట్టెల దుకాణం మూస్తే మంగలి మూస్తాడు, ఆ పదిహేను రోజులు ఊళ్ళో జబ్బు పడటం కూడా మర్యాద కాదు. తాతల కాలంలో ఊరు ఊరంతా రైలెక్కి బ్లాక్‌పూల్ పోయేది. ఇప్పుడు విమానమెక్కి బెనిడార్మ్ పోతోంది. ఏడాది పొడుగునా ఎవరి మొహం చూడకూడదని వీధి మారి నడుస్తామో, వాళ్ళ లోదుస్తులే పదిహేను రోజులు మన పక్క బాల్కనీలో ఆరుతుంటాయి. దాన్నే విశ్రాంతి అంటారు.

అందరూ దిగేది ఒకటే హోటలు, త్రెస్ లిమోనెస్. ఊళ్ళో దాని పేరు నిమ్మకాయల హోటలు. మనిషికి నూట నలభై తొమ్మిది పౌండ్లు, విమానంతో, మూడు పూటల తిండితో. పొద్దున వేయించిన పందిమాంసం, గుడ్లు, మన టీ. నెల్లీ, ఆమె అక్క ఏడా పదకొండేళ్ళుగా అందులో కింది అంతస్తు, నాలుగో నంబరు గదిలోనే దిగుతున్నారు. ఇద్దరికీ పెళ్ళిళ్ళు కాలేదు. అడిగినవాళ్ళు లేక కాదని నెల్లీ అంటుంది, అడిగినవాళ్ళని చూసే అని ఏడా అంటుంది.

ఈ ఏడు చిక్కొచ్చిపడింది. ఏడాకి కళ్ళల్లో నీటికాసులు. రెండేళ్ళుగా చూపు అంచుల నుంచి లోపలికి ఆరిపోతూ వస్తోంది. నవంబరులో ఒకనాడు ఊలు అల్లుకుంటూ అల్లుకుంటూ ఆమె తలెత్తకుండా, "ఈ ఏడు నేను రాను నెల్లీ," అంది. మళ్ళీ కుట్లు లెక్కపెట్టుకోసాగింది. అంతే.

ఆ మాట నెల్లీ గుండెలో రాయిలా పడింది. అక్క లేకుండా సముద్రమా? ముప్ఫై ఒక్క ఏళ్ళు ఊరి పిల్లల్ని దాటించినది, సొంత అక్కని చీకట్లోంచి దాటించలేదా? అదే హోటలు, అదే గది అయితే అక్క కళ్ళు మూసుకుని కూడా తిరగగలదు అని తీర్మానించింది. మంచం నుంచి తలుపుకి ఏడడుగులు, తలుపు నుంచి వసారా చివరికి పంతొమ్మిది, అక్కణ్ణుంచి ఈత కొలనుకి ఇరవై మూడు. పోయిన జులైలో తన కాళ్ళతో తనే కొలిచి రాసిపెట్టుకుంది. ఎందుకు కొలుస్తున్నావని అప్పుడు అక్క అడిగితే, ఊరికే అంది.

"నాలుగో నంబరు వచ్చిందా, మోరీన్?" ఇప్పుడు గొంతు తగ్గించి అడిగింది.

మోరీన్ తలుపు వైపు చూసింది. చెప్పకూడదు. కానీ అవతల ఉన్నది ఆ చెయ్యి. "వచ్చింది ఆంటీ. కింది అంతస్తులో ఈసారి మన షాపుకి ఇచ్చింది అదొక్కటే. ఎవరితోనూ అనకండి."

"నేనెవరితో అంటానే! నేను మొదట నిలబడతాను. అంతే." లేచి, గుమ్మం దగ్గర ఆగింది. "మొదట నిలబడినా దొరక్కపోతే..."

"డబ్బులు కట్టనే లేదు కదా ఆంటీ, వెనక్కెలా ఇస్తాం?"

కీచు, కీచు, టక్ మంటూ చప్పుడు వానలోకి ఎక్కిపోయింది.

అంతకు మూడు రోజుల ముందు, మంగళవారం నాడు, మోరీన్ చాపెల్ హాలులో స్పానిష్ వెయిటర్‌గా నిలబడింది. నెల్లీ బతిమాలింది, కాదనలేకపోయింది. హాలు నేల మీద నెల్లీ సుద్దముక్కతో హోటలంతా గీసేసింది. మడత కుర్చీలు నిమ్మచెట్లు, టీ కాచే పెద్ద బాయిలరు రిసెప్షను, రెండు బల్లల మధ్య భోజనాల గది. నడుమ పెద్ద నీలి సుద్ద గుండ్రం ఈత కొలను. బయట వడగళ్ళు కిటికీల మీద పడుతుంటే ఏడా వేసవి గౌను మీద ఉన్ని కోటు తొడుక్కుని, చేతికర్ర పట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు నిలబడి ఉంది.

"ఇప్పుడు పొద్దున ఏడయింది అక్కా. నిద్ర లేచావు. నడు."

"కల కూడా రాలేదే, అప్పుడే లేపావు," అంటూనే ఏడా నడిచింది. ఏడు. పంతొమ్మిది. మలుపు. పదహారు, పదిహేడు...

"ఎడమకి! ఎడమకి! అయ్యో, కొలనులో పడ్డావక్కా! మునిగిపోయావు!"

ఏడా సుద్ద గుండ్రం మధ్యలో నిలబడి కర్రతో నేలని కలియబెట్టింది. "పడితే పడ్డానులే. నీళ్ళు వెచ్చగానే ఉన్నాయి. కాసేపుంటాను."

మోరీన్ నవ్వు ఆపుకోలేక భుజం మీది తుండుగుడ్డలో మొహం దాచుకుంది. నెల్లీ నవ్వలేదు. అక్కని కొలనులోంచి చెయ్యి పట్టి పైకి లాగి, మళ్ళీ మంచం దగ్గరికి నడిపించుకుపోయింది. నాలుగోసారికి ఏడా ఒక్క చెట్టునీ తాకకుండా కొలను గట్టు మీది పడక కుర్చీ దాకా వచ్చి కూర్చుంది.

"అచ్చం హోటల్లాగే ఉంది కదూ అక్కా?"

"ఉంది," అంది ఏడా. "అంట్ల చప్పుడు ఒక్కటే తక్కువ."

"మోరీన్! వంటింట్లోకెళ్ళి కప్పులూ సాసర్లూ గట్టిగా కడుగు!"

మోరీన్ వెళ్ళి గలగలలాడించింది. తలుపు సందులోంచి చూస్తే ఏడా పెదాలు ఒక పక్కకి జరిగాయి. నవ్వేమో అనుకుంది మోరీన్.

శనివారం పొద్దున ఎనిమిది దాటి పది నిమిషాలకి మోరీన్ షాపు దగ్గరికి వచ్చేసరికి క్యూ రొట్టెల దుకాణం దాటి, బ్యాంకు దాటి, మలుపు తిరిగింది. మనుషుల నోటి ఆవిర్లు పైన ఒకటే మబ్బుగా కూడుకున్నాయి. ఫ్లాస్కులు, మడత కుర్చీలు, ఒకాయన ఒడిలో కుక్క. తలుపు ముందు మొదటి మెట్టు మీద మాత్రం మనిషి లేడు. ఒక తువ్వాలు ఉంది. ఎరుపు పసుపు చారల బీచి తువ్వాలు, మెట్టుకి మెట్టంత పరిచి, నాలుగు మూలలా నాలుగు రాళ్ళు పెట్టి. చారల మీద మంచు పట్టి తళతళలాడుతోంది. స్పెయిన్ సూర్యుడు రాత్రి తోవ తప్పి అక్కడ పడిపోయినట్టు.

దాని వెనక ఎర్నెస్ట్ గ్రిమ్‌షా నిలబడి దాన్నే చూస్తున్నాడు.

క్యూలో గుసగుసలు వింటే మోరీన్‌కి అర్థమైంది. నెల్లీ అయిదింటికి వచ్చింది, ఎర్నెస్ట్ అయిదూ పదికి. మూడు గంటలు ఆమె తలుపునీ, అతను ఆమె వీపునీ చూస్తూ, పలుకూ ఉలుకూ లేకుండా నిలబడ్డారు. ఎనిమిదింటికి ఏడా కంట్లో చుక్కలు వెయ్యాలి. మామూలుగా అయితే వెనక మనిషితో "నా చోటు చూస్తుండు" అని వెళ్ళొస్తారు. బ్రాక్‌షాలో అంత మాట చాలు. కానీ పోయిన జులై నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. నిమ్మకాయల హోటల్లో ఎర్నెస్ట్ అయిదున్నరకే లేచి, కొలను పక్క నీడ కుర్చీ మీద తువ్వాలు పరిచి, పైకి పోయి నిద్రపోయాడు. నెల్లీ పదకొండింటి దాకా ఆ తువ్వాలు చుట్టూ తిరిగింది, తువ్వాలు పరిచినవాళ్ళదే కుర్చీ, చట్టం చట్టమే కదా. అక్క ఎండలో ఎర్రబడిపోతుంటే మాత్రం ఓర్చుకోలేక దాన్ని చక్కగా మడిచి, దొరికిన వస్తువుల కింద రిసెప్షనులో అప్పగించింది. అది మళ్ళీ కనిపించలేదు.

మోరీన్ తలుపు తీసి, లోపలికి దూరి, మళ్ళీ గడియ పెట్టుకుంది. అద్దంలోంచి చూస్తూనే ఉంది. ఎనిమిదిన్నరకి ఎర్నెస్ట్ ఒక నిర్ణయానికి వచ్చినట్టు గొంతు సవరించుకున్నాడు. నాలుగు రాళ్ళూ తీసి గోడవారగా పెట్టాడు. తువ్వాలు దులిపాడు, మంచు రాలింది. మడిచాడు. చంకలో పెట్టుకుని నిటారుగా నడుచుకుంటూ, వీధికి అడ్డంగా ఎదురుగా ఉన్న పోలీసు స్టేషనులోకి వెళ్ళాడు. మూడు నిమిషాలకి చేతులూపుకుంటూ తిరిగొచ్చాడు. వచ్చి, ఇంకో అడుగు ముందుకేసి మెట్టెక్కి నిలబడ్డాడు.

కీచు, కీచు, టక్.

క్యూ అంతా చప్పుడు కాకుండా తలలు తిప్పింది. నెల్లీ మెట్టు చూసింది. ఎర్నెస్ట్ బూట్లు చూసింది. తర్వాత మొహం చూసింది.

"నా తువ్వాలేది?"

"దొరికిన వస్తువులు అప్పగించే చోట అప్పగించాను," అన్నాడు ఎర్నెస్ట్ ఎదర గోడకి చెబుతున్నట్టు. "రసీదు కూడా ఇచ్చారు. నాది స్పెయిన్‌లోనే ఉండిపోయింది. నీది వీధి అవతలేగా, అదృష్టవంతురాలివి."

"అది నా చోటు ఎర్నెస్ట్! తువ్వాలు పరిచానంటే నేనున్నట్టే."

"కొలను దగ్గర నెల్లీ, కొలను దగ్గర! ఇక్కడ క్యూలో ఒళ్ళుండాలి. ఒళ్ళు! మనది లాంకషైరు. తువ్వాళ్ళు నిలబడే ఊరు కాదు."

క్యూలో గుసగుసలు లేచాయి. తువ్వాలు తువ్వాలే అన్నారు కొందరు. చలికాలం చెల్లదన్నారు కొందరు. అరగంట దాటితే తీసెయ్యొచ్చు, హోటలు గోడ మీద రాసి ఉంటుందని కుక్కాయన అన్నాడు. ఎవరూ గొంతు పెంచలేదు. కాని అందరి ముక్కులూ ఎర్రబడ్డాయి.

నెల్లీ వాన టోపీ ముడి సర్దుకుంది. "సరే నాయనా, నీ చట్టమే కానీ. ఒళ్ళుండాలి. మరి నా తువ్వాలు పోలీసు స్టేషనుకి దానంతటదే నడిచిపోయిందా?"

"నేనే తీసుకెళ్ళాను."

"ఏదేసుకుని?"

"ఏదేసుకోవడమేమిటి, ఈ కాళ్ళేసుకునే!"

"అంటే అంతసేపూ నీ ఒళ్ళు ఎక్కడుంది ఎర్నెస్ట్?"

ఎర్నెస్ట్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నా చట్టం ప్రకారం నేను ఇంటికెళ్ళినా నా తువ్వాలుంది. నీ చట్టం ప్రకారం నువ్వు లేవు, నీ తువ్వాలూ లేదు. ఆ కాసేపూ నువ్వు బ్రాక్‌షాలోనే ఎక్కడా నిలబడి లేవు. మోరీన్ చూసింది, అడుగు!"

అద్దం వెనక మోరీన్ తనకి తెలియకుండానే తలూపింది.

"అలాగైతే ముందున్నది నేనే కదా," అంది మూడో మనిషి, రొట్టెల దుకాణం ఈనిడ్.

"నువ్వు నోర్ముయ్యి ఈనిడ్," అన్నారు నెల్లీ, ఎర్నెస్ట్ ఒక్క గొంతుతో. ఆరు నెలల్లో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అది.

తొమ్మిదయింది. మోరీన్ గడియ తీసింది. ఎర్నెస్ట్ కదిలాడు. నెల్లీ కుడిచెయ్యి లేచింది, అరచెయ్యి చాచి, వేళ్ళు దగ్గరగా. ఎర్నెస్ట్ ఎత్తిన కాలు గాల్లోనే ఆగింది. అతని వెనక ఈనిడ్ ఆగింది, కుక్క ఆగింది, వీధిలో పాలబండి కూడా ఆగింది. అటూ ఇటూ చూసుకుని, దారి ఖాళీగా ఉందని రూఢి చేసుకుని, నెల్లీ సంచీబండితో సహా లోపలికి దాటింది.

ఆమె కుర్చీలో కూర్చుంది. ఎర్నెస్ట్ రెండో కుర్చీలో కూలబడ్డాడు. మోరీన్ కాగితం తీసి నాలుగో నంబరు అని రాసింది. నెల్లీ పర్సు కోసం సంచీలో చెయ్యి పెట్టింది. లేదు. నోటుపుస్తకం ఉంది, ఫ్లాస్కు ఉంది, గొడుగు ఉంది, ఇంకో గొడుగు ఉంది. పర్సు లేదు. సంచీ అంతా బోర్లించింది. కంటి చుక్కల సీసా మూత ఒకటి దొర్లుకుంటూ మోరీన్ ముందుకి వచ్చింది.

"బల్ల మీద... చుక్కలు వేసేటప్పుడు... వంటింటి బల్ల మీద..."

"అయ్యో పాపం," అన్నాడు ఎర్నెస్ట్. అయితే అతని గొంతులో గెలుపు లేదు. టోపీ మోకాలి మీద పెట్టుకుని తిప్పుతున్నాడు. "వెళ్ళి తెచ్చుకో. నేను జరగనులే. జరిగినా ఏం చేసుకుంటాను, కింది అంతస్తు గది లేకపోతే నేనీ ఏడు వెళ్ళను."

"నీకెందుకు కింది అంతస్తు? నీ కళ్ళు బాగానే ఉన్నాయిగా, ఎవరి తువ్వాలెక్కడుందో చూడటానికి!"

"మోకాలు ఈ ఏడు మెట్లెక్కనంటోంది."

"లిఫ్టుంది."

ఎర్నెస్ట్ ఆమె వైపు జాలిగా చూశాడు. "నెల్లీ, ముప్ఫై ఎనిమిదేళ్ళు నేనేం చేశాను? మిల్లుల్లో లిఫ్టులు బాగుచేశాను. లిఫ్టు లోపలేముందో తెలిసినవాడెవడూ లిఫ్టెక్కడు."

నెల్లీ నోటుపుస్తకం తెరిచి దాన్ని వెంటనే రాసుకోబోయింది. అప్పుడు బయట మళ్ళీ చప్పుడు. చక్రం కాదు. టక్. టక్. టక్. రాళ్ళ మీద కర్ర, సన్నగా, తొందర లేకుండా, వాన చుక్క చూరు నుంచి పడ్డట్టు. క్యూ రెండుగా విడిపోయింది. తలుపు గంట మోగింది.

"నాలుగొందల పన్నెండు," అంది ఏడా గుమ్మంలో నిలబడి. చేతిలో పర్సుంది.

నెల్లీ కుర్చీలోంచి సగం లేచింది. "అక్కా! ఎవరు తీసుకొచ్చారే నిన్ను?"

"కాళ్ళు. మంగళవారం నేర్పించావుగా. గేటు దాకా తొమ్మిది, మలుపుకి నూట అరవై. ఒక్క చెట్టుకి కూడా తగల్లేదు."

"మార్కెట్ వీధి? మార్కెట్ వీధి ఎలా దాటావు?"

"నువ్వు దాటినట్టే. చెయ్యెత్తాను. ఏదో పెద్దది ఆగింది. బస్సులాగుంది, వేడిగా ఊపిరి వదిలింది. డ్రైవరు దిగొచ్చి 'నెల్లీ ఆంటీ కాదా? చెయ్యి చూసి ఆపేశాను' అన్నాడు." తడుముకుంటూ వచ్చి ఎర్నెస్ట్ లేచి ఇచ్చిన కుర్చీలో కూర్చుంది. "ఏరా ఎర్నెస్ట్, ఇంకా మూతి ముడుచుకునే ఉన్నావా? చూడలేను గానీ వినపడుతోంది."

ఎర్నెస్ట్ టోపీతో మూతి తుడుచుకున్నాడు.

నెల్లీ పర్సు అందుకుంది. కొక్కెం రావడం లేదు. "సరేలే. వచ్చేశావు. కాగితం రాయమ్మా మోరీన్. నాలుగో నంబరు..."

"నాలుగో నంబరు ఎవరడిగారు?" అంది ఏడా.

నెల్లీ పర్సు కొక్కెం వదిలి అక్క వైపు తిరిగింది.

"నువ్వేగా అక్కా! రానన్నావు. కళ్ళు కనపడవు, కొత్త చోటు కష్టమని..."

"రానన్నాను. కళ్ళ మాటెప్పుడన్నాను? పదకొండేళ్ళుగా ఆ గదిలో పడుకుంటే నాకు వినపడేదేమిటి? గోడవతల వంటిల్లు. రాత్రి పన్నెండు దాకా అంట్లు, మళ్ళీ అయిదింటికి అంట్లు. కళ్ళున్నప్పుడు కిటికీలోంచి ఆ నిమ్మచెట్టయినా చూసేదాన్ని. ఇప్పుడు నాకు మిగిలింది చెవులు. ఆ చెవులేసుకుని స్పెయిన్ దాకా పోయి స్పూన్లు వినాలా? స్పూన్లు మనింట్లోనూ ఉన్నాయి."

"మరి ఈ మాట నవంబరులోనే చెప్పొచ్చుగా!"

"చెప్పనిస్తే కదే! రానన్నానో లేదో సుద్ద పట్టుకున్నావు." ఏడా మోరీన్ గొంతున్న వైపు తిరిగింది. "అమ్మాయీ, పై అంతస్తుల్లో ఏదైనా ఉందా? సముద్రం వైపుది?"

మోరీన్ కాగితాలు తిరగేసింది. "అయిదో అంతస్తులో ఉంది ఏడా ఆంటీ. బాల్కనీతో. పైగా చవక, మన ఊరివాళ్ళు మెట్లెక్కలేరు, లిఫ్టంటే భయం, ఎవరూ తీసుకోరు. మనిషికి నాలుగు పౌండ్లు తక్కువ."

"చవక" అన్న మాటకి నెల్లీ కళ్ళు ఒక్క క్షణం వెలిగాయి. మళ్ళీ ఆరిపోయాయి. "అయిదో అంతస్తా? బాల్కనీ కటకటాలు ఎంత ఎత్తో? గాలి? లిఫ్టు! వినలేదా అక్కా, ఎర్నెస్ట్ ఏమన్నాడో?"

"ఎర్నెస్ట్‌కి నాలుగో నంబరు ఇచ్చెయ్. అంట్ల చప్పుడు వాడికి తోడు. దానికి బదులు వాడు మొదటి రోజు ఆ లిఫ్టు తాళ్ళూ చక్రాలూ చూసి పెడతాడు. ఏరా?"

"చూస్తాను," అన్నాడు ఎర్నెస్ట్ గబగబా. "ఆ లిఫ్టు నాకు తెలుసు. మంచి లిఫ్టే. నూనె వేస్తే..."

"చూడటమే కాదు. మాతోపాటు ఎక్కాలి. ఒక్కసారి."

ఎర్నెస్ట్ టోపీ తిప్పడం ఆపేశాడు. క్యూ అంతా తలుపులోంచి లోపలికి వంగి వింటోంది. "ఒక్కసారి," అన్నాడు చివరికి, దంతవైద్యుడి దగ్గర ఒప్పుకున్నట్టు. "కళ్ళు మూసుకుని."

"నాకు తోడన్నమాట," అంది ఏడా.

నెల్లీ నోటుపుస్తకం మూసేసింది. తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, ఎవరిదో వస్తువు దొరికినట్టు చూసుకుంటోంది. ఇన్నేళ్ళలో ఆ చేతికి పని లేకుండా పోవడం ఇదే మొదటిసారని మోరీన్‌కి అనిపించింది. ఏడా తడిమి ఆ చేతిని పట్టుకుంది. చూడకుండానే ఎక్కడుందో ఆమెకి తెలుసు.

"భయం నీకే, పిచ్చిదానా," అంది మెల్లగా. "నాకు కాదు. నువ్వు నా పక్కన పడుకుంటే నేను చూసుకుంటానులే."

నెల్లీ ముక్కు చీదుకుంది. పర్సు కొక్కెం ఊడొచ్చింది. "రాయి మోరీన్," అంది. "అయిదో అంతస్తు. సముద్రం వైపు. కటకటాల ఎత్తు స్పెయిన్‌కి ఫోను చేసి కనుక్కో, అంగుళాల్లో." మళ్ళీ నోటుపుస్తకం తెరిచి, "చాపెల్లో పై గ్యాలరీ తాళం ఎవరి దగ్గరుందో. మెట్లు నలభై ఉంటాయి. గురువారం రా, వెయిటరు గుడ్డ మర్చిపోకు," అంది.

సంతకాలయ్యాయి. అక్కాచెల్లెళ్ళు బయటికి నడిచారు. వీధి అవతల సార్జెంటు గుమ్మంలో నిలబడి చారల తువ్వాలు పట్టుకుని ఊపుతున్నాడు. పేవ్‌మెంటు అంచున ఇద్దరూ ఆగారు. నెల్లీ కుడిచెయ్యి లేవబోయి, సగంలో ఆగి, బండి పిడి మీదికి దిగింది. ఏడా చెయ్యి లేచింది. మార్కెట్ వీధి అటూ ఇటూ నిశ్శబ్దమైపోయింది. బూడిదరంగు పొద్దుటి వెలుగులో ఇద్దరు ముసలివాళ్ళు, ఒక కర్ర, ఏడ్చే చక్రం ఒకటి, తొందర లేకుండా దాటిపోయారు. ఎవరూ హారన్ కొట్టలేదు.

మోరీన్ ఈనిడ్ కాగితం అందుకోబోతుండగా గంట మళ్ళీ మోగింది. తువ్వాలు భుజాన వేసుకుని నెల్లీ ఒక్కతే తిరిగొచ్చింది. తలుపు సందులోంచి తల మాత్రం పెట్టి, అవతల గట్టున నిలబడ్డ అక్కకి వినపడకుండా గొంతు తగ్గించింది.

"మోరీన్ తల్లీ, అయిదో అంతస్తు దాకా సముద్రం వినపడకపోతే డబ్బులు వెనక్కిస్తారా?"